రేకునీడల పనివారి కవచధారణ వ్రత కథ

శ్రీ విశ్వకర్మ దేవునికి నమస్కరించి, అక్షతలు కుడిచేత పట్టుకొని, అందరును కుదురుగా కూర్చుండుడు. పులిహోర ఎక్కడికిని పారిపోదు. చూపు అటు పోనీయక కథ మీద నిలుపుడు. మధ్యలో లేచిపోయిన వారికి ఫలము లేదు, ప్రసాదము అసలే లేదు.

ఒకానొకప్పుడు లోహిత మహర్షి కొలిమి ప్రక్కన కూర్చుండి చలి కాచుకొనుచుండగా, శాలంకుడను ముని వచ్చి నమస్కరించి ఇట్లు అడిగెను. “స్వామీ, భూలోకమంతయు తిరిగి వచ్చుచున్నాను. ఇనుప పని చేయు వారికంటె భక్తులు నాకు ఎక్కడను కనబడలేదు. కొట్టు తెరవగానే దీపము పెట్టుదురు, సుత్తికి బొట్టు పెట్టుదురు, మరకు దండ వేయుదురు. అయినను వారిలో ఒకనికి వేలు లేదు, ఒకనికి కన్ను లేదు. ఇంతటి భక్తులను దేవుడు ఏల కాపాడలేదు?”

ఆ ప్రశ్న విని లోహిత మహర్షికి కోపము వచ్చెను. కాపాడలేదని నీకెవరు చెప్పిరి, ఇచ్చిన దానిని తొడుగుకొనని వానికి దేవుడు వచ్చి స్వయముగా తొడుగవలెనా అని గద్దించెను. పిమ్మట కొంత చల్లబడి, కవచధారణ వ్రతమను ఒక వ్రతము కలదనియు, దానిని ఆచరించిన కాళికాంబ కథ చెప్పెదననియు పలికి ఇట్లు ఆరంభించెను.

కలియుగమున గోదావరీ తీరమున ఇనుపమెట్ట అను పట్టణము కలదు. అందు మౌనాచారి అను శిల్పి రేకునీడలు చేసి బ్రతుకుచుండెను. కిటికీలలోనికి ఎండయు, వాన జల్లును కొట్టకుండ పైన వాలుగా అమర్చు రేకులవి. జనులు వాటినే షేడ్లు అందురు. ఇనుప చట్రమును అతడు కోయును, తమ్ముడు గోవిందాచారి వెల్డింగు చేయును, భార్య కాళికాంబ కొలతలు తీసి రంగు వేయును. అతడు చేసిన షేడు తుఫానుకైనను ఊగదని పేరు. పనిలో అంత నేర్పరి, పూజలో అంత నిష్ఠాపరుడు, మాట వినుటలో మాత్రము అంత మొండివాడు.

ఒక ఏడు దసరాకు ఆయుధపూజ చేసిరి. ఆ పూజకొరకు కాళికాంబ కొత్త కళ్లద్దములు, చేతితొడుగులు, వెల్డింగు ముసుగు కొనితెచ్చెను. బొట్లు సరిగా పెట్టుటకు వీలుగా ఉండునని మౌనాచారి గ్రైండరు మీది గార్డును, అనగా తిరుగు బిళ్లకు అడ్డుగా ఉండు ఇనుప మూతను, ఊడదీసి కడిగెను. అన్నింటిని విశ్వకర్మ పటము ముందు పీట మీద పెట్టి, కుంకుమబొట్లు పెట్టి, బంతిపూలు చుట్టి పూజించిరి. మరునాడు గ్రైండరు పీట దిగెను. సుత్తి దిగెను. కళ్లద్దములు, తొడుగులు, ముసుగు, గార్డు మాత్రము దిగలేదు. దేవుని పాదముల వద్ద ఉంచిన వాటిని చెమటకును మసికిని అంటించుట అపచారమని మౌనాచారి చెప్పెను. గ్రైండరు కూడ అదే పాదముల వద్దనుండి వచ్చినది గదా అని అడుగవలెనని కాళికాంబకు నోటిదాక వచ్చెను. పండుగ పూట మగనితో మాటలేలయని ఊరకుండెను. ఊరకుండినందుకు తరువాత ఎంత ఏడ్చెనో వినుడు.

ముసుగు లేక గోవిందాచారి ముఖము ప్రక్కకు తిప్పుకొని, కండ్లు చికిలించి వెల్డింగు చేయసాగెను. ఒక సాయంకాలము అతని కండ్లలో ఇసుక పోసినట్లు మంట పుట్టి, నీరు ధారగా కారెను. కాళికాంబ కంగారుపడగా, “వెల్డింగన్నాక కళ్లు కొట్టకుండా ఉంటాయా వదినా? రెండు బంగాళాదుంప ముక్కలు కోసి ఇయ్యి, అదే పోద్ది” అని అతడే ఆమెకు ధైర్యము చెప్పెను. కొంత తగ్గెను. తగ్గినది గదా అని మౌనాచారి ఆ పూట దేవునికి ఎక్కువ కర్పూరము వెలిగించెను. పీట మీది ముసుగుకు కూడ హారతి ఇచ్చెను. ముసుగుకు హారతి ఇచ్చిరిగాని మనిషికి ముసుగు ఇయ్యలేదు.

అటుపిమ్మట ఒక ప్రసూతి ఆసుపత్రి వారు వేసవి రాకమునుపే పడమటి కిటికీలన్నింటికి షేడ్లు కావలెనని పురమాయించిరి. పని తొందర మీద సాగుచుండెను. కాళికాంబ టీ గ్లాసులు తీసికొని గుమ్మము వద్దకు రాగా, గ్రైండరు బిళ్ల పగిలి ఒక ముక్క ఆమె చెవి ప్రక్కగా పోయి ద్వారబంధములో దిగబడెను. గ్లాసులు జారి పగిలెను. మౌనాచారి మాత్రము నవ్వి, “చూశావా కాళీ? ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు” అని పటము వంక చూపి, కొబ్బరికాయ కొట్టెను. గార్డు బిగించుమని ఆమె బ్రతిమాలగా, దేవుని సొత్తు అడుగరాదని కసరెను.

ఆ దినము మొదలు ఆమెకు నెమ్మది లేకపోయెను. మర కూత వినబడినంతసేపు చేతిలోని పని ఆపి చెవి అటే పెట్టును. కూత ఆగిన, ఏల ఆగెనని పరుగెత్తి చూచును. ఒకనాడు ఆమె పెరటిలో చట్రములకు రంగు వేయుచుండగా మర కూత నడుమనే తెగిపోయెను. బ్రష్షు పారవైచి లోనికి పోగా, మౌనాచారి నేలమీద చతికిలబడి ఎడమ కంటిని అరచేత మూసికొని ఉండెను. వేళ్ల సందుల నుండి నెత్తురు కారుచుండెను. అయ్యో, ఆ ఇల్లాలి గుండె ఎట్లు నిలిచెనో! వైద్యులు చేయవలసినదెల్ల చేసిరి. ఎడమ కన్ను దక్కలేదు.

కొట్టు మూతపడెను. ఆసుపత్రి పని మరియొకరికి పోయెను. గోవిందాచారి పొరుగూరి వెల్డింగు షెడ్డులో కూలికి కుదిరెను. మౌనాచారి దినమంతయు పటము ఎదుట కూర్చుండి, పూజలో ఏ లోపము జరిగినదో అని తనలో తాను వెదకుకొనెను. చివరకు వెండి కండ్లు చేయించి దేవునికి సమర్పించి, వానలు తగ్గిన పిదప మంచి దినము చూచి కొట్టు తెరుతునని చెప్పెను. గార్డు బిగింతువా అని కాళికాంబ అడిగెను. వెండి కండ్లే ఇచ్చితిని, ఇంక భయమేమని అతడు పలికెను. మిగిలిన ఒక్క కన్నును కూడ అదే మరకు ఎదురుగా పెట్టబోవుచున్నాడని ఆమెకు తెలిసిపోయెను. అన్నము సహించలేదు. ఆ కన్ను పోయిన తమ కొంపయే చీకటియని తలపోయుచు కుమిలెను.

అట్లుండగా ఒక ముసలమ్మ కొట్టు తలుపు తట్టి, తన మంచము మీద సాయంకాలపు ఎండ పడుచున్నదనియు, ఒక షేడు కావలెననియు చెప్పి, కిటికీ కొలత చెప్పెను. మాటల నడుమ ఆమె కంటికి పీట కనబడెను. అద్దముల మీద కుంకుమ, తొడుగుల మీద ఎండిన బంతిపూలు.

“ఏమ్మా, మీ దేవుడికి చత్వారమా? కళ్లజోడు పెట్టారు?” అని ముసలమ్మ అడిగెను.

చాల దినములకు కాళికాంబకు నవ్వు వచ్చెను. వచ్చిన నవ్వే ఏడుపై, జరిగినదంతయు ఆమెకు చెప్పుకొనెను. విని ముసలమ్మ మండిపడెను. “దేవుడి దగ్గర పెట్టింది మళ్లీ చేతికి తీసుకుంటేనే కదమ్మా ప్రసాదం? పీట మీదే ఎండబెట్టుకుంటారా ఎవరన్నా? ఆయన ఎన్నాళ్లని పట్టుకు కూర్చుంటాడు?” అని చీవాట్లు పెట్టి, వ్రత విధానము ఇట్లు చెప్పెను. పూజ చేసి, ఉద్వాసన చెప్పిన వెంటనే కవచములను కండ్లకద్దుకొని ధరింపవలెను. రంగు డబ్బాలు, థిన్నరు నిప్పురవ్వలకు దూరముగా పెట్టవలెను. పొగ పోవునట్లు తలుపులు తెరువవలెను. కోయు ఇనుమును బల్లకు బిగింపవలెను, చేతితో పట్టి కోయరాదు. పెద్ద రేకును ఇద్దరు ఎత్తవలెను. అంచు మడిచిన పిదపనే బయటికి పంపవలెను. అన్ని వ్రతములకు తోరము చేతికి కట్టుదురు. దీనికి మాత్రము కట్టరాదు, తిరుగు మర దారమును, దారముతో చేతిని లాగికొనును. తోరము మెయిను స్విచ్చుకు కట్టవలెను. ఇంత చెప్పి ముసలమ్మ పోయెను. ఆమె ఇల్లెక్కడో అడుగుట కాళికాంబ మరచెను.

మంచి దినము వచ్చెను. గోవిందాచారి కూడ వచ్చెను. పూజ ముగిసి ఉద్వాసన చెప్పగానే, కాళికాంబ చేయి చాచి పీట మీది కళ్లద్దములు తీసెను. చీర చెంగుతో అద్దముల మీది కుంకుమ తుడిచెను. మౌనాచారి అపచారము, అపచారమని కేకలు వేసెను. ఆమె మెయిను స్విచ్చు వద్దకు పోయి, ఫ్యూజు పీకి పిడికిట పట్టుకొని నిలిచెను.

“ఇవి పెట్టుకోండి. అప్పుడు ఇస్తాను” అనెను.

“దేవుడికి పెట్టినవి నా మొహానికా? మతి పోయిందా నీకు?”

“ఆయనకి ఉన్న కళ్లు చాలవని మీరు వెండివి కూడా ఇచ్చారండీ. మీకు ఒక్కటే ఉంది.”

మౌనాచారి చేయెత్తెనా, తిట్టెనా అని అడుగుదువేమో శాలంకా, ఎత్తబోయెను, ఎత్తలేకపోయెను. ఇంతలో గోవిందాచారి పీట వద్దకు పోయి ముసుగు తీసికొని నెత్తిన పెట్టుకొనెను. పిమ్మట గార్డు తీసి, అన్న మొగము వంక చూడకయే గ్రైండరుకు బిగింపసాగెను. మౌనాచారి పండ్లు కొరుకుచు కళ్లద్దములు పెట్టుకొనెను. అప్పుడు కాళికాంబ ఫ్యూజు పెట్టెను.

ముసలమ్మ షేడుకు మొదటి కోత. ఇనుమును బల్లకు బిగించిరి. అయితే పాత బిళ్లను మార్చవలెనని ఎవరికిని తోచలేదు. వానాకాలమంతయు చెమ్మలో పడియుండి బలము తగ్గిన బిళ్ల అది. మర కూసెను, రవ్వలు లేచెను. కాళికాంబ స్విచ్చు వద్దనుండి కదలక, మగని వీపు వంకనే చూచుచుండెను. ఢమ్మని చప్పుడయ్యెను. బిళ్ల పగిలి ముక్కలు గార్డుకు తగిలెను. ఒక పెచ్చు మాత్రము తప్పించుకొని, సూటిగా అతని కుడి కంటి అద్దమునకు కొట్టుకొనెను.

ఆమె స్విచ్చు కట్టెను. మౌనాచారి ఆమె వంకకు తిరిగెను. కుడివైపు అద్దము బీటలువారి, వెనుక కన్ను ఉన్నదో లేదో కనబడకుండెను. దగ్గరకు పోవలెనన్న భయము, పోకుండ ఉండవలెనన్న భయము. చివరకు “ఏమండీ, నేను కనబడుతున్నానా?” అని అడిగెను.

అతడు మెల్లగా అద్దములు తీసెను.

“కనబడుతున్నావు కాళీ. ఏడుస్తున్నావు” అని పలికి, తానును నేల కూలబడి వెక్కి వెక్కి ఏడ్చెను. తన మొండితనము చేతనే ఎడమ కన్ను పోయినదని తమ్ముని ఎదుటను, భార్య ఎదుటను ఒప్పుకొనెను.

ఆ దినమే చెమ్మ తగిలిన బిళ్లలన్నియు విరిచి పారవేసిరి. ముసలమ్మ షేడు పూర్తిచేసి ఊరంతయు వెదకిరిగాని ఆమె కనబడలేదు. చూడగా ఆ కొలత తమ కొట్టు పడమటి కిటికీకే సరిపోయెను. అక్కడనే బిగించిరి. క్రమముగా పనులు తిరిగి వచ్చెను, గోవిందాచారి కూలి మానెను, ఆ పేటలోని కొట్లవారందరును వచ్చి వ్రత విధానము తెలిసికొని పోయిరి.

ఎడమ కన్ను తిరిగి వచ్చెనా అని అడుగబోవుచున్నావు. రాలేదు శాలంకా. ఏ వ్రతము చేసినను రాదు. ఆ చేసెడిదేదో ముందుగా చేసియుండవలసినదని లోహిత మహర్షి చెప్పి కండ్లు తుడుచుకొనెను.

కావున ఇనుము కోయువారు, రేకు మడుచువారు, వెల్డింగు చేయువారు, నిచ్చెన ఎక్కి షేడ్లు బిగించువారు, రంగు కొట్టువారు, వారిచేత పని చేయించు యజమానులు తప్పక ఈ వ్రతము చేయవలెను. యజమానులు మరీ ముఖ్యముగా చేయవలెను. ఇది దసరాకు ఒకసారి చేయు వ్రతము కాదు, మర తిప్పిన ప్రతి పూటయు చేయవలెను. చేసిన వారికి చూపు నిలుచును, వేళ్లు నిలుచును, చేతినిండ పని దొరకును. వారి ఇంటివారు సాయంకాలము తలుపు తీసినపుడు, వచ్చినవాని చేతులు, కండ్లు వెదకి చూడక, కాళ్లు కడుగుకొని అన్నమునకు రమ్మని పిలువగలుగుదురు. అంతకు మించిన ఫలము ఈ వ్రతమునకు లేదు, అక్కరలేదు.