చిక్కుడు కాని చిక్కుడు పాదు

పక్క దులిపేశాను, రా. ఆ మోచేతి మీద దోమ కుట్టినచోట గోక్కోవడం ఆపు ముందు. గోకినకొద్దీ ఎక్కువవుతుందే తల్లీ దురద. చెయ్యి ఇలా ఇవ్వు, నా చేతిలో పట్టుకుని చెప్తాను.

అనగా అనగా, ఊరు అయిపోయి జీడితోటలు మొదలయ్యేచోట ఒక కొత్త పెంకుటిల్లు ఉండేది. ఆ ఇంట్లో నూకాలు, దాని మొగుడు అప్పలకొండ, వాళ్ళ ఏడాది పాప ముత్యాలు ఉండేవాళ్ళు. ముత్యాలు అప్పుడే గోడ పట్టుకుని నిలబడుతోంది. నాలుగు పళ్ళు, నలభై అల్లర్లు. అచ్చం నీలాగే.

నూకాలు సముద్రం ఒడ్డున పుట్టి పెరిగిన పిల్ల. కళ్ళకు గంతలు కట్టినా వాసన పట్టి చేప పేరు చెప్పేస్తుంది. మొక్కల దగ్గరికి వచ్చేసరికి మాత్రం సున్నా. ఇసకలో పెరిగిన పిల్లకి పాదులేం తెలుస్తాయి పాపం!

తొలకరి వానలు పడగానే ఆ ఇంటి పెరట్లో ఒక తీగ మొలిచింది. ఒక్కో కాడకి మూడేసి ఆకులు. నూకాలు చూసి, "చిక్కుడు పాదు దానంతటదే మొలిచింది!" అని మురిసిపోయింది. అప్పుడు కుండలతో నీళ్ళు పోసింది. ఆ తర్వాత మొగుడి చేత పందిరి వేయించింది. ఆ తర్వాత గుత్తులు గుత్తులుగా ఊదారంగు పూలు పూసి, కాయలు దిగాయి.

ఆ కాయ ఒక్కటి కోసి ఉంటే అప్పుడే తెలిసేది. కానీ కొయ్యలేదు. ఎందుకంటే, కొత్తింట్లో కాసిన తొలి కాపు అమ్మవారికి ఇవ్వకుండా ముట్టకూడదని వాళ్ళ ఆనవాయితీ. అమ్మవారి పండగకి ఇంకా రెండు నెలలుంది. అందుకని చెయ్యి తగలనివ్వకుండా కాపాడింది. కాయలు ముదిరాయి, వంకర తిరిగాయి, ఒంటినిండా గోధుమరంగు నూగు కట్టాయి. నూకాలేమో, "ముదిరాక రాలిపోతుందిలే ఈ నూగు" అనుకుంది.

పెద్దవాళ్ళ బట్టలు ముందు గోడ మీద ఆరేసేది. పాప బట్టలు మాత్రం ఎండకి వెలిసిపోతాయని ఆ పందిరి నీడలోనే తాడు కట్టి ఆరేసేది. అదీ దాని తెలివి!

అప్పుడు ముత్యాలుకి దురద పట్టుకుంది. ఒళ్ళంతా ఎర్రగా దద్దుర్లు. గోక్కుని గోక్కుని నెత్తురు వచ్చేది. పాలు తాగదు, నిద్దర పోదు. పదిహేను రోజుల్లో బుగ్గలు జారిపోయి, పిల్ల పుల్లలా అయిపోయింది. మందుల షాపులో అడిగి సబ్బు మార్చారు, తగ్గలేదు. వేపాకు నీళ్ళు పోశారు, తగ్గలేదు. ఉప్పు, మిరపకాయలు తిప్పి దిష్టి తీశారు, తగ్గలేదు. ఎలా తగ్గుతుంది? ఎన్ని నీళ్ళు పోసినా, తుడిచేది ఆ పందిరి కింద ఆరిన తువ్వాలుతోనే కదా!

నూకాలుకి బెంగ పట్టుకుంది. పిల్ల దక్కుతుందో లేదో అని వణికిపోయేది. బెంగపడ్డ మనిషికి ఎవరో ఒకరి మీద కోపం రావాలి కదా. పైడమ్మ మీద వచ్చింది.

పైడమ్మ ఎవరంటావా? జీడితోటల అవతల పాకలో ఒంటరిగా ఉండే ముసలమ్మ. తొమ్మిది మేకలు దాని ఆస్తి. రోజూ వాటిని ఈ ఇంటి వెనక కంచె పక్కనుంచే తోలుకెళ్ళేది. "నీ మేకల ఒంటి మీది గోమార్లే మా పాపని కుడుతున్నాయి. ఇటేపు వచ్చావంటే కాళ్ళు ఇరగ్గొడతాను!" అని నూకాలు గొడవ పెట్టుకుంది. చూశావా, తప్పు ఎవరిది, తిట్లు ఎవరికి!

పైడమ్మ మేకల్ని మళ్ళించింది. కానీ మళ్ళేటప్పుడు కంచె మీదనుంచి ఆ పందిరి కేసి చూసింది. చూసి గతుక్కుమంది.

మర్నాడు చెబుదామని వచ్చింది. నూకాలు చీపురు ఎత్తింది. ఆ తర్వాతి రోజు వచ్చింది. నూకాలు మొహం మీదే తలుపు వేసేసింది. మూడోసారి పైడమ్మ మేకల్ని పాక దగ్గరే కట్టేసి, ఒక్కతీ వచ్చి వీధిలో నిలబడింది.

"అమ్మీ, మేకల్ని తేలేదు. నానొక్కదాన్నే వచ్చాను. ఒక్క మాట ఇని, అప్పుడు తలుపేసుకో" అంది.

లోపల పాప ఏడుస్తోంది. నూకాలుకి తిట్టే ఓపిక కూడా లేదు. గుమ్మంలో చతికిలబడి, "సెప్పు" అంది.

"నా మేకలు కంచెలో ముళ్ళు కూడా నమిలేస్తాయి. కాయలు దిగినకాడ నుంచీ నీ పాదు దరికి ఒక్కటీ పోవడం నేదు. అది సిక్కుడు కాదు తల్లీ. దురద పుట్టించే దూలగొండి! సిక్కుడుకాయ నున్నగా ఉంటాది. దీని నూగు గాలికి లేచి గుడ్డల మీద వాలతాది. నీ పిల్ల గుడ్డలు ఎక్కడ ఆరేస్తన్నావో సూసుకో."

నూకాలు రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. తను నీళ్ళు పోసి పెంచిన పాదు! తన చేతులతో ఆరేసిన గుడ్డలు!

ఇదంతా విన్న అప్పలకొండ అగ్గిపెట్టె పట్టుకుని పెరట్లోకి ఉరికాడు. "నిప్పెట్టకురా బాబూ!" అని పైడమ్మ అరిచింది. "పొగతో కూడా లేస్తాది. ఊరంతా గోక్కుంటాది." అప్పుడు కర్ర తీశాడు. పైడమ్మ ఆ కర్రా లాక్కుంది. "కొట్టినా లేస్తాది. దీని మీద కోపం పనికిరాదు. తెల్లారి మంచు తడి ఉండగా, గాలి లేనప్పుడు తియ్యాల."

ముందు పాప సంగతి చూసింది. గోధుమపిండి మెత్తగా ముద్ద చేయించి, దద్దుర్ల మీద రుద్దకుండా అద్ది అద్ది తీసింది. నూగంతా పిండికి అంటుకుని వచ్చేసింది. పాప గుడ్డలన్నీ తడిపి గంగాళంలో ఉడకబెట్టించింది. అప్పుడు ముత్యాలు తల్లి ఒళ్ళో పడుకుని, ఇన్నాళ్ళ తర్వాత మొదటిసారి కదలకుండా నిద్దరపోయింది. ఊపిరి ఆడుతోందో లేదోనని నూకాలు ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంది, పిచ్చిది.

మర్నాడు తెల్లారేసరికి పైడమ్మ వచ్చేసింది. ఇంట్లో పొడుగు చేతుల చొక్కాలు రెండే ఉన్నాయి. ఒకటి అప్పలకొండకి, ఒకటి నూకాలుకి తొడిగించింది. తను మాత్రం చేతులకి ఆముదం రాసుకుని, "నాకు అలవాటేలే" అంది. పందిరి నిండా నీళ్ళు చిలకరించారు. తీగని మొదట్లో కోశారు. కాయలు రాలకుండా తడి గోనెసంచుల్లో చుట్టి, ఇంటికి దూరంగా నిలువెత్తు గోతిలో పూడ్చేశారు. కింద రాలినవాటిని తడిపి పైడమ్మే ఒక్కొక్కటీ ఏరింది.

అంతటితో ఊరుకుందా? గోడవార తెల్ల పూల వయ్యారిభామ ఉంటే, గుడ్డ చుట్టుకుని వేళ్ళతో సహా పీకించింది. "ఇది ఒంటికి తగిలితే దద్దుర్లు, ముక్కులోకి పోతే ఆయాసం" అంది. నూతి పక్కన ముళ్ళకాయల ఉమ్మెత్త ఉంటే అదీ పీకించింది. "పిల్ల నిలబడతంది. రేపు నోట్లో పెట్టుకుంటే మన చేతిలో ఉండదు. శివుడికి పూలు కావాలంటే ఊరి బయట కోసుకో."

పని అయ్యాక అన్నం తినమంటే తినలేదు. చీర ఇస్తే తీసుకోలేదు. "మేకలు ఆకలితో ఉంటాయి" అని వెళ్ళిపోయింది.

ఆ తర్వాతి పొద్దున నూకాలు పాపని చంకనేసుకుని పైడమ్మ పాకకి వెళ్ళింది. పాక బయట తొమ్మిది మేకలూ కట్టేసి ఉన్నాయి, మే మే అని అరుస్తున్నాయి. లోపల పైడమ్మ చేతులు వెనక్కి దాచుకుని కూర్చుంది. నూకాలు ఆ చేతులు పట్టి ముందుకు లాగింది. మోచేతుల దాకా వాచిపోయి, ఎర్రగా కందిపోయి ఉన్నాయి. అలవాటూ లేదు, ఏమీ లేదు. ఉన్న రెండు చొక్కాలూ వాళ్ళకే వదిలేసి, తను ఒట్టి చేతులతో పని చేసింది.

నూకాలు పాపని కింద కూర్చోబెట్టి, పిండి కలిపి, ఆ చేతుల మీద అద్దడం మొదలుపెట్టింది. అద్దుతూ ఏడ్చింది.

"సీపురెత్తి తరిమినాను కదే. మళ్ళీ ఎందుకొచ్చావే అమ్మా?" అంది.

"పిల్ల ఏడుపు ఇక్కడికి ఇనబడేది. మరెలా కూకోను?" అంది పైడమ్మ. ఆ తర్వాత నెమ్మదిగా, "మా ముసిలోడు పోయినాక నా సెయ్యి ఇలగ పట్టుకున్నోళ్ళు నేరే" అంది.

ఆ వాపు తగ్గడానికి ఎనిమిది రోజులు పట్టింది. ఆ ఎనిమిది రోజులూ మేకల్ని ఎవరు తోలుకెళ్ళారనుకున్నావ్? నూకాలే! చంకలో ముత్యాలు, చేతిలో కర్ర, ముందు తొమ్మిది మేకలు. ఊరి మధ్యనుంచే వెళ్ళింది. కుళాయి దగ్గర ఆడవాళ్ళు, "ఏటే, ఆ మేకల్ని నువ్వే కదా తిట్టావు?" అని నవ్వారు.

నూకాలు ఆగింది. అందరూ వినేలా చెప్పింది. "తిట్టాను. తప్పు నాది. నా పిల్లకి నాను ఒక్కసారే పేణం పోశాను. పైడమ్మ రెండోసారి పోసింది. ఇకనించి ఈ పిల్లకి అమ్మమ్మలు ఇద్దరు."

నిద్దరొచ్చేస్తోందా? దురద కూడా మర్చిపోయావు, చూశావా.

కథమ్మ బండెక్కి కంచికెళ్ళింది,
కునుకమ్మ నడిచొచ్చి కంటికొచ్చింది,
పెరడంతా చల్లగా పడుకుండిపోయింది,
నా బంగారు తల్లి కన్ను మూసింది.