పచ్చికలో నల్ల మిడత

అనగనగా ఒక అడవిలో ఒక వాగు గలగలా పారుతుండేది పిల్లలూ. ఇవతల ఒడ్డున పచ్చిక, అవతల నల్లరాతి గుట్ట. పచ్చికలో పచ్చ మిడతలు, గుట్ట మీద నల్ల మిడతలు. ఎందుకలా? పాలపిట్ట వల్ల! పచ్చికలో నల్లది కనబడితే గుటుక్కు! రాతి మీద పచ్చది కనబడితే గుటుక్కు! అందుకే ఎక్కడి రంగు అక్కడే మిగిలింది.

పచ్చికలో చిగురమ్మ అనే మిడత ఉండేది. దానికి గెంతడమంటే ఎంత పిచ్చో! నిద్రలో కూడా గెంతి పక్కవాళ్ల మీద పడేది.

ఒకరోజు పెద్దగాలి వీచింది. గుట్ట మీంచి ఒక నల్ల మిడత కుర్రాడు గిర్రున తిరుగుతూ వచ్చి, చిగురమ్మ ముందు వెల్లకిలా పడ్డాడు.

"అమ్మాయ్, ఇక్కడ ఆకాశం కింద ఉందేమిటి?" అన్నాడు.

"తిరగబడింది నువ్వయ్యా!" అని చిగురమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది.

అతని పేరు కాటుకయ్య. ఇద్దరూ సాయంత్రం దాకా గెంతారు. "ఇతన్నే పెళ్లాడతాను," అంది చిగురమ్మ.

గుంపు పెద్ద గరికయ్య తాత మీసాలు వణికాయి. "వద్దే తల్లీ! నల్లపిల్లలు పుడితే పిట్ట ఊరుకుంటుందా?"

చిగురమ్మకి తెలుసు, తాత చెప్పింది నిజమే. అయినా అంది, "వాగొడ్డు రాళ్ల సందుల్లో దాచి పెంచుకుంటాను తాతా. ఇతన్ని మాత్రం గాలికి వదిలెయ్యను."

కీచురాళ్ల మేళంతో పెళ్లయింది. పిల్లలు కొందరు పచ్చగా, కొందరు నల్లగా పుట్టారు. నల్లవాళ్లలో చాలామందిని పిట్ట ఎత్తుకుపోయింది. చిగురమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. కానీ దాక్కున్నవాళ్లు మిగిలారు. పైగా అప్పుడప్పుడూ గాలికి గుట్ట మీంచి ఇంకొకరు వచ్చి పడేవారు. అలా పచ్చికలో నల్లరంగు ఆరిపోకుండా నిలిచింది. మనవలు కూడా పుట్టారు.

ఒక వేసవిలో పచ్చిక తగలబడింది! మిడతలన్నీ వాగు తడిలోకి ఉరికి బతికాయి. తిరిగొచ్చి చూస్తే నేలంతా బొగ్గు. దాని మీద పచ్చ మిడతలు మిలమిలా మెరుస్తున్నాయి. పాలపిట్ట రివ్వున దిగింది. గుటుక్కు, గుటుక్కు! పచ్చవాళ్లు ఒక్కొక్కరే మాయమవుతున్నారు. గరికయ్య తాత కదల్లేక నిలబడిపోయాడు.

"ఒరేయ్ నల్లపిల్లల్లారా, ఎక్కండి తాత మీదికి!" అని అరిచింది చిగురమ్మ.

నల్ల మనవలు దభీదభీమని తాత మీదా, అమ్మమ్మ మీదా, దొరికిన పచ్చవాళ్లందరి మీదా పడ్డారు.

"ఒరేయ్, చక్కిలిగిలిరా!" అన్నాడు తాత.

"ఉష్! నవ్వకు తాతా!"

నవ్వు ఆగితేనా? కుప్ప మొత్తం ఊగిపోయింది. పైనుంచి పిట్ట తొంగిచూసింది. దానికి బొగ్గే కనబడింది. కానీ ఆ బొగ్గు కిసకిసలాడుతోంది! పిట్ట హడలిపోయి, "బాబోయ్, నేల నవ్వుతోంది!" అని పారిపోయింది.

వానలు పడ్డాయి. కొత్త గడ్డి మొలిచింది. తాతకి మళ్లీ బెంగ పట్టుకుంది. "మిగిలినవాళ్లలో నల్లవాళ్లే ఎక్కువ. నేలేమో పచ్చబడుతోంది. ఎలాగే చిగురమ్మా?"

అంతలో నల్ల మనవరాలు పెట్టిన గుడ్లు పగిలాయి. ఒక నల్లపిల్ల గెంతింది. వెనకే ఒక పచ్చపిల్ల! ఇంకో పచ్చపిల్ల! ఇంకోటి!

"చూశావా తాతా, నలుపు లోపల పచ్చ కూడా దాక్కుంది!" అంది చిగురమ్మ.

తాత వయసు మరిచి ఎగిరి గెంతాడు. పోయి పోయి వాగులో పడ్డాడు. పచ్చవాళ్లూ నల్లవాళ్లూ విరగబడి నవ్వుతూ తాతని ఒడ్డుకి లాగారు.

నీతి: కొత్తవాళ్లని కలుపుకున్న గుంపుకి, కాలం ఎటు తిరిగినా బతికే దారి ఒకటి దొరుకుతుంది.