చారల పిల్లి మన్ను కప్పిన కథ

ఒకప్పుడు పిల్లులకు సిగ్గనేదే లేదు. ఎక్కడ పడితే అక్కడ దొడ్డికి కూర్చునేవి, లేచి తోక ఊపుకుంటూ పోయేవి. వెనక్కి తిరిగి చూసేవి కావు.

ఆ రోజుల్లో కుండలు చేసే సోమవ్వ ఇంట్లో రెండు పిల్లులుండేవి. అక్క చారల పిల్లి, చెల్లెలు బూడిద పిల్లి. ఒకనాడు కుండలు కాల్చడానికి తెచ్చిన గడ్డిలో అవ్వకు ఒక పిల్లికూన దొరికింది. గుప్పెడంత ఉంది.

అవ్వ దాన్ని పెద్ద గంప కింద ఉంచి, గంప మీద రాయి పెట్టింది. చారల పిల్లి పడుకునే గోనెముక్కను కూన కింద పరిచింది. కూన పడుకున్న గుడ్డను చారల పిల్లికి వేసింది.

“మూడు రోజులు వాసనలు చూసుకోండి. నాలుగోనాడు మొహాలు చూసుకుందురుగాని,” అంది.

“నా గోనె దానికిచ్చేసింది!” అని చారల పిల్లి బుస్సుమంది.

“దాని నిండా నీ బొచ్చే. ఎవరిక్కావాలే అది?” అని చెల్లెలు నవ్వింది.

మర్నాడు పొద్దున్నే అవ్వ నీళ్లకు వెళ్లింది. చారల పిల్లి రాయిని నెట్టి, గంపను పడదోసి, కూన మీద గుర్రుమంది. కూన హడలిపోయి కుండల వెనక దూరింది. చారల పిల్లి అంతటితో ఆగలేదు. అవ్వ జల్లించి పెట్టుకున్న మెత్తటి మట్టికుప్ప మీద కూర్చుని పాడుచేసింది.

‘కూనే చేసిందనుకుని అవ్వ తరిమేస్తుంది’ అనుకుంది.

అవ్వ వచ్చింది. గంపను చూసింది, మట్టిని చూసింది. కూనను ఒక్క మాటా అనలేదు. కడవ దించి కూలబడింది.

“రాయి పెట్టడం మరిచిపోయాను. నిన్న పొయ్యి మీద గంజి మరిచాను, ఇవాళ ఇది. రేపు ఈ పసిదానికి పాలు పొయ్యడమే మరిచిపోతానేమో! నా దగ్గర వద్దులే, ఎవరికైనా ఇచ్చేస్తాను.”

అవ్వ చారల పిల్లి వైపు తిరిగింది.

“ఇక్కడే ఉన్నావు కదే తల్లీ, నువ్వు చెప్పు. నేను రాయి పెట్టానా, లేదా?”

చారల పిల్లి కోరుకున్నదే జరుగుతోంది. అయినా అవ్వ కళ్లలోకి చూడలేకపోయింది. మొహం తిప్పుకుని కాలు నాక్కుంది.

“నాలుకున్నది నాక్కోవడానికేనా అక్కా?” అంది చెల్లెలు.

“పెట్టావవ్వా,” అంది చారల పిల్లి సన్నగా. “నేనే నెట్టాను. ఆ మట్టి మీదిది కూడా... నాదే.”

కర్ర తీస్తుందని కళ్లు మూసుకుంది. అవ్వ దాని తల నిమిరింది.

“నిజంగా పెట్టానా? అయితే నేను మరిచిపోలేదన్నమాట!” అని పసిపిల్లలా నవ్వింది.

తిట్టినా బాగుండేది. ఆ నవ్వు చూశాక చారల పిల్లికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మట్టికుప్ప దగ్గరికి పరుగెత్తి, ముందుకాళ్లతో మన్ను లాగి కప్పింది. వాసన చూసింది. ఇంకా ఉంది. మళ్లీ కప్పింది.

కూన మెల్లగా వచ్చి పక్కన నిలబడింది. చిట్టి కాలితో అదీ కాస్త మన్ను లాగింది. చారల పిల్లి గుర్రుమనలేదు. పక్కకు జరిగి చోటిచ్చింది.

“ఇంకా రెండు రోజులుంది,” అని అవ్వ కూనను గంప కింద పెట్టి, రాయి ఎత్తి పెట్టింది. “చూశారుగా, పెట్టాను.”

“చూశాం అవ్వా,” అంది చారల పిల్లి, తల ఎత్తకుండానే.

అప్పటినుంచే పిల్లి తను చేసినదాన్ని మన్నుతో కప్పెడుతోంది. కప్పాక వాసన చూసి, నమ్మకం చాలక ఇంకొంచెం మన్ను లాగుతుంది. ఆ సమయంలో మనం చూశామా, ఈనాటికీ మొహం పక్కకు తిప్పుకుంటుంది.