ముప్పై ఒకటో కబురు

శశిభూషణానికి వచ్చిన కష్టం ఇది. తప్పు తనది కాదనడానికి అతని దగ్గర రుజువు ఉంది. అయినా మనసు కుదుటపడటం లేదు.

నల్లమల అంచున ఉన్న ఆ ఆశ్రమంలో నూట నలభై మంది ఉంటారు. వైద్యశాల, గోశాల, పుస్తకాల గది, కూరగాయల తోట, వంటశాల, ఇలా ఎవరి పని వాళ్లది. గురువుగారికి దీక్షానామం ఏదో ఉంది గానీ ఎవరూ వాడరు. కొండ కోనలో ఒంటరిగా పన్నెండేళ్లు ఉండి వచ్చారని అందరూ కోనస్వామి అంటారు.

శశిభూషణం ఇక్కడికి రాకముందు హైదరాబాదులో ఒక పెద్ద కంపెనీలో పదకొండేళ్లు పనిచేశాడు. ఏ విభాగంలో ఏం జరుగుతోందో అందరికీ తెలిసేలా చూడటమే అతని ఉద్యోగం. ఆ సంగతి విని కోనస్వామి అతన్ని పిలిచారు.

"ఇక్కడ గోశాల సంగతి తోటవాళ్లకు తెలియదు. వైద్యశాల సంగతి వంటవాళ్లకు తెలియదు. ఏదైనా దారి చూడు నాయనా."

శశిభూషణం చూశాడు. రోజూ సాయంత్రం అన్నిచోట్ల నుంచీ కబుర్లు తెప్పించుకుని, తెల్లవారి అయిదింటికల్లా అందరి ఫోన్లకూ ఒకే ఉత్తరంగా పంపడం మొదలుపెట్టాడు. దానికి దినవార్త అని పేరు పెట్టాడు.

మొదటి రోజు అందులో తొమ్మిది కబుర్లు ఉన్నాయి. అందరూ చదివి మెచ్చుకున్నారు. మెచ్చుకున్నాక ఊరుకుంటారా, తమ కబురు కూడా వెయ్యమని ప్రతివాళ్లూ తెచ్చి ఇచ్చారు. గోశాలలో దూడకు పేరు పెట్టారు. పుస్తకాల గదిలో బీరువా తాళం మార్చారు. ప్రొద్దుటూరు భజన బృందం వచ్చే వారం వస్తోంది. ఎవరిదో పచ్చ అంచు తువ్వాలు దొరికింది. మూడు నెలలు తిరిగేసరికి దినవార్త నలభై కబుర్లు దాటింది. చదువుతున్నారా అని అతను ఎవరినీ అడగలేదు. పంపిన ఉత్తరం తెరిస్తే అతని ఫోన్లో రెండు నీలం టిక్కులు పడతాయి. రోజూ నూట నలభై మందికీ పడేవి. అవి చూసుకుని తృప్తిగా స్నానానికి వెళ్లేవాడు.

ఆ మంగళవారం నాటి దినవార్తలో ముప్పై ఒకటో కబురు ఇది: "వైద్యశాలలో నడుము నొప్పి చికిత్సకు చేరిన మద్దిలేటిగారికి వేరుశెనగ పడదు. గమనించగలరు."

మద్దిలేటి లారీ డ్రైవరు. చేరేటప్పుడే వైద్యశాలలో ఆ మాట చెప్పాడు. వాళ్లు శశిభూషణానికి చెప్పారు. శశిభూషణం అందరికీ పంపాడు. ఆ మధ్యాహ్నం భోజనంలో చిక్కుడుకాయ కూర మీద వంటామె ఓబులమ్మ ఎప్పటిలాగే వేయించిన వేరుశెనగ పొడి చల్లింది. మద్దిలేటి నాలుగు ముద్దలు తిన్నాడు. పెదాలు ఉబ్బాయి. గొంతు పట్టేసింది. పంక్తిలోనే పక్కకు ఒరిగిపోయాడు. డాక్టరమ్మ పరుగున వచ్చి ఇంజక్షన్ ఇచ్చింది కాబట్టి బతికాడు. ఇంకో పావుగంట ఆలస్యమైతే ఏమయ్యేదో తను చెప్పలేనని ఆమె అందరి ముందూ అంది.

శశిభూషణానికి భయం వేసింది. తన గదికి వెళ్లి ఫోన్ తీసి చూసుకున్నాడు. ఓబులమ్మ పేరు పక్కన రెండు నీలం టిక్కులు ఉన్నాయి. అప్పుడు భయం తగ్గి కోపం వచ్చింది.

నేరుగా వంటశాలకు వెళ్లాడు. ఓబులమ్మ అరవై దాటిన మనిషి. ఇరవై రెండేళ్లుగా ఆ పొయ్యిల దగ్గరే ఉంది. గోడకు ఆనుకుని కూర్చుని ఏడుస్తోంది.

"మీకు పొద్దున్నే కబురు పంపాను కదా, చూడలేదా?" అని అడిగాడు.

"నాకెవరూ చెప్పలేదు సామీ."

"చెప్పకపోవడమేమిటి? పంపాను. మీరు తెరిచారు కూడా. ఇదిగో చూడండి."

ఓబులమ్మ ఆ ఫోన్ వంక చూడలేదు.

"పంపినారు సామీ. చెప్పలేదు," అంది.

శశిభూషణానికి ఆ మాట మొండి వాదంలా తోచింది. ఆ సాయంత్రమే ఒక కాగితం మీద జరిగినదంతా తేదీలతో, వేళలతో రాశాడు. చివర, ఓబులమ్మను వంటశాల నుంచి తప్పించాలని రాశాడు. దాన్ని నాలుగు మడతలు పెట్టి కోనస్వామి చేతికిచ్చాడు.

"ఏమిటిది?" అన్నారు స్వామి.

"ఆమెను తప్పించాలి స్వామీ. ఈసారి దేవుడి దయవల్ల గట్టెక్కాం. నేను అన్నీ పంపాను. ఏదీ దాచలేదు."

"తప్పిస్తే ఆవిడ ఎక్కడికి పోతుంది?"

ఓబులమ్మకు భర్త లేడు, పిల్లలు లేరు. వంటశాల వెనక ఉన్న చిన్న గదే ఆమె ఇల్లు. ఈ సంగతి శశిభూషణానికి తెలుసు. తెలిసే రాశాడు.

"మద్దిలేటి పోయుంటే?" అన్నాడు.

"అదీ నిజమే," అన్నారు స్వామి. కాగితం విప్పకుండానే అల్మరాలో పెట్టారు. "ఇవాళ ముప్పై ఒకటోది మద్దిలేటి కబురు కదా. ముప్పయ్యోది ఏమిటి నాయనా?"

శశిభూషణం ఆలోచించాడు. తువ్వాలా? దూడా? రాసింది తనే, గుర్తు రాలేదు.

"సరేలే. ఎల్లుండి మధ్యాహ్నం పంక్తిలో కూర్చో. తర్వాత చూద్దాం," అన్నారు స్వామి.

ఆ ఆశ్రమంలో పంక్తికి రెండు నియమాలు ఉన్నాయి. తినేవాళ్లు మాట్లాడకూడదు. విస్తట్లో పడింది వదలకూడదు. అందుకే వడ్డించేవాళ్లు ప్రతి పదార్థం పేరూ పలుకుతూ వస్తారు. కావలసినవాళ్లు చెయ్యి పక్కకు తీస్తారు. వద్దనుకున్నవాళ్లు విస్తరి మీద చెయ్యి అడ్డం పెడతారు. శశిభూషణం రెండేళ్లుగా రోజూ అలాగే తింటున్నాడు. అందులో ప్రత్యేకంగా చూడవలసింది ఏమైనా ఉందని అతనికి ఎప్పుడూ అనిపించలేదు.

ఎల్లుండి వచ్చింది. అతను పంక్తి చివర కూర్చున్నాడు. ఎదురు వరసలో మద్దిలేటి ఉన్నాడు, ముఖం ఇంకా కొద్దిగా వాచి ఉంది. అన్నం వడ్డించారు. ఓబులమ్మ పప్పు గిన్నె పట్టుకుని అటు చివర మొదలుపెట్టింది.

అంతలో కోనస్వామి ఒక పెద్ద గంగాళం మోసుకుంటూ శశిభూషణం దగ్గరకు వచ్చారు. గురువే వడ్డనకు రావడంతో అందరూ తలలెత్తారు. స్వామి ఏ పేరూ పలకలేదు. గరిటె ముంచి విస్తట్లో వేశారు.

అది పప్పు కాదు. కూరా కాదు. చూస్తే అందులో చిక్కుడు ముక్కలు ఉన్నాయి, గోంగూర ఉంది, పైన పాయసంలోని సేమ్యా తేలుతోంది. చారు, మజ్జిగ, అప్పడాల ముక్కలు, బెల్లం, ఆనాటి వంటంతా ఒకటిగా కలిసిపోయి ఉంది.

శశిభూషణం తలెత్తి చూశాడు. స్వామి ఇంకో గరిటె వేశారు.

చెయ్యి అడ్డం పెట్టాడు. స్వామి ఆ చేతిని మెల్లగా పక్కకు జరిపి మూడోది వేశారు. నాలుగోది వేశారు. అన్నం మునిగిపోయింది. విస్తరి అంచు దాటి నేల మీదికి కారింది.

నియమం మరచిపోయి శశిభూషణం నోరు విప్పాడు.

"స్వామీ, ఏమిటిది?"

"అన్నీ వేశాను నాయనా," అన్నారు కోనస్వామి. "ఏదీ దాచలేదు."

గంగాళం అక్కడే పెట్టి వెళ్లిపోయారు.

విస్తట్లో పడింది వదలకూడదు. శశిభూషణం ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. పాయసం తీపి మీద గోంగూర పులుపు, దాని మీద మజ్జిగ. రెండో ముద్ద మింగాడు. మూడోది చేతిలోనే ఉండిపోయింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. పక్కన ఉన్నవాళ్లు తల దించుకుని తింటున్నారు. ఎవరైనా నవ్వితే బాగుండుననిపించింది. ఎవరూ నవ్వలేదు.

ఎదురు వరసలోంచి ఓబులమ్మ గొంతు వినిపిస్తోంది.

"పప్పూ... పప్పూ..."

చెప్పడం, ఆగడం, చేతి వంక చూడటం, వెయ్యడమో దాటిపోవడమో. మళ్లీ చెప్పడం. మొన్నటి నుంచి ఆమె గొంతు బొంగురుపోయి ఉంది. అయినా ఏ ఒక్క విస్తరి దగ్గరా ఆగకుండా పోలేదు. కూర గిన్నె తీసుకుని మద్దిలేటి ముందుకు వచ్చేసరికి వంగి, మామూలుకన్నా మెల్లగా చెప్పింది.

"బీరకాయ. నీకు వేరేగా చేసినా నాయనా. శెనక్కాయ పొడి తగల్లేదు, గరిటె కూడా వేరే."

మద్దిలేటి చెయ్యి పక్కకు తీశాడు.

శశిభూషణం చూస్తూ ఉండిపోయాడు. ఈమెకు ఇరవై రెండేళ్లలో చెవిన పడ్డవన్నీ గుర్తున్నాయి. పుస్తకాల గది ముసలాయనకు వంకాయ పడదు. గోశాలలో ఇద్దరికి కారం తక్కువ. తనకు మజ్జిగలో ఉప్పు వద్దు. ఈ చివరి సంగతి తను రెండేళ్ల క్రితం ఒకే ఒక్కసారి చెప్పాడు.

కళ్లు చెమర్చాయి. చేతిలో ఉన్న ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. పంక్తి లేచిపోయాక కూడా చాలాసేపు అక్కడే కూర్చుని, విస్తట్లో ఉన్నదంతా తిన్నాడు. గంగాళంలో మిగిలింది గోశాల కుడితిలోకి పోయింది.

చెయ్యి కడుక్కుని వంటశాలకు వెళ్లాడు. ఓబులమ్మ గిన్నెలు బోర్లిస్తోంది. అతన్ని చూసి లేచి నిలబడింది. తన సంచీ సర్దుకోమని చెప్పడానికి వచ్చాడనుకుంది.

"సాయంత్రానికి పోతా సామీ. ఈ గిన్నెలు కడిగిపెట్టి పోతా."

"అమ్మా," అన్నాడు శశిభూషణం. అంతకుముందు ఆమెను ఎప్పుడూ అలా పిలవలేదు. "పొద్దున్నే మీకు ఏ కబుర్లు కావాలి?"

ఓబులమ్మకు అర్థం కాలేదు. మళ్లీ అడిగాడు. ఆమె కొంగుతో చెయ్యి తుడుచుకుని ఆలోచించింది.

"కొత్తగా ఎవరొచ్చినారు, ఎవరు పోయినారు, ఎవరికి ఏది పడదు. అంతే." కాస్త ఆగి, "పాలు ఎన్ని లీటర్లొస్తాయో గోశాలవాళ్లు ముందే చెప్తే తోడు వేసుకుంటా," అంది.

"దూడల పేర్లు?"

"నాకెందుకు నాయనా?"

ఆ మర్నాడు దినవార్త రాలేదు. శశిభూషణం కాగితం, పెన్సిలు పట్టుకుని ప్రతి గుమ్మం ముందూ నిలబడి అదే మాట అడిగాడు. తోటవాళ్లు బోరు నీళ్ల కబురూ, వంటశాల కబురూ కావాలన్నారు. డాక్టరమ్మ వంటశాలది మాత్రమే చాలంది. పుస్తకాల గది ముసలాయన, "నాకు దూడల పేర్లు చెబుతుండు, మిగతావి వద్దు," అన్నాడు. కంపెనీలో పదకొండేళ్లు పనిచేసినా తను ఏనాడూ ఎవరినీ ఇది అడగలేదని శశిభూషణానికి గుర్తొచ్చింది.

వారం తిరిగేసరికి ప్రతి చోటా గుమ్మం పక్కన ఒక పలక వేలాడింది. కబురు ఉన్నవాళ్లు తమ పలక మీదే రాస్తారు. ఎవరు, ఏమిటి, ఎప్పటిదాకా, ఈ మూడింటికీ మూడు గళ్లు. అంతకు మించి రాయడానికి చోటు లేదు. ఏ పలక మీది కబురు ఎవరు అడిగారో వాళ్లకే అది ఫోన్లో వెళుతుంది. ఎవరికి ఏది పడదో ఆ కబురు మాత్రం శశిభూషణం ఫోన్లో పంపడు. స్వయంగా వంటశాలకు వెళ్లి, ఓబులమ్మ ఎదురుగా నిలబడి చెప్పి, ఆమె తిరిగి చెప్పేదాకా ఆగి వస్తాడు.

చివరికి కోనస్వామి గదికి వెళ్లాడు.

"స్వామీ, మీకు ఏ కబుర్లు కావాలి?"

స్వామి నవ్వి, పంక్తిలో పెట్టినట్టు అరచెయ్యి అడ్డం పెట్టారు.

శశిభూషణం కదల్లేదు. గొంతు సవరించుకున్నాడు. "నేను మీకు ఒక కాగితం ఇచ్చాను స్వామీ. ఓబులమ్మగారి గురించి. అది..."

కోనస్వామి అల్మరా తెరిచి కాగితాల దొంతర కిందనుంచి దాన్ని లాగారు. పెట్టిన నాలుగు మడతలూ అలాగే ఉన్నాయి.

"నువ్వు ఇచ్చావు," అన్నారు. "నేను చదవలేదు."

శశిభూషణం రెండు చేతులతో దాన్ని అందుకున్నాడు. అటు నుంచి అటే వంటశాలకు వెళ్లాడు. ఓబులమ్మ పొయ్యి ముందు కూర్చుని పుల్లలు ఎగదోస్తోంది.

"ఏం కాగితం నాయనా అది?"

"మీకు అక్కరలేనిదమ్మా."

"అయితే ఇట్లా పొయ్యిలో పెట్టు," అందామె. "ఎసరు కాగాల."