పెరగకపోతే?

పూర్వం ఒక మెట్ట ఊరికి దివాను వచ్చి, జొన్నచేలో కంది కలిపి వేయడం మానమన్నాడు. జొన్న ఒక్కటే వేస్తే పంట రెట్టింపవుతుందట.

ఎర్రక్క అనే రైతుకు నమ్మకం కుదరలేదు. వానలు మొహం చాటేసిన ఏడు తన పిల్లల కడుపు నింపింది ఆ కందే. అయినా తమ పంట మీద ఈయనకింత ప్రేమ ఎప్పుడు పుట్టిందా అని అనుమానం.

"అలాగే వేస్తాం దొరా. ఏటా పండేటన్ని గింజలు మాకొదిలి, శిస్తుకు బదులు పైన పెరిగిందంతా మీరే తీసుకోండి," అంది.

దివాను ఉలిక్కిపడ్డాడు. "భలేదానివే! పెరగకపోతే నా గతేంటి?"

"శిస్తు పోతుందని మీకే ఇంత భయముంటే, తిండి పోయే మాకెంత ఉండాలి దొరా?"

దివాను పల్లకీ ఎక్కాడు. ఆ ఏడూ జొన్నల మధ్య కంది పూసింది.