ఎర్రమ్మ పారేసిన నూలు

ఒకప్పుడు మన ఒంట్లోని నూలుకి చుట్టుకోవడానికి కండెలు లేవు. ఏ నూలంటారా? దాదాపు ప్రతి కణం కడుపులోనూ ఉంటుంది, బోలెడంత పొడుగు నూలు. కన్ను ఎలా తయారవ్వాలో, గోరు ఎలా మొలవాలో, గుండె ఎలా కొట్టుకోవాలో అన్నీ దానిమీదే రాసి ఉంటాయి. ఆ రోజుల్లో అది చిందరవందరగా పడుండేది. ఎవరైనా ఏదైనా చదువుకోవచ్చు.

ఒక పసిబిడ్డ తొడ ఎముకలో మూలమ్మ అనే తల్లికణం కాపురముండేది. నెత్తుటి కణాలన్నిటినీ కనాల్సింది ఆవిడే. మొదటి పిల్ల పుట్టగానే, అచ్చం తన నూలులాంటిదే ఇంకోటి దాని చేతిలో పెట్టింది.

"అంతా చదువుకో తల్లీ. నీ దగ్గర నాకేం దాపరికం!" అంది మురిపెంగా.

పిల్ల చదివింది చదివినట్టే చేసింది. ముందు గోరు మొలిచింది. తర్వాత గుండెలా టపటపా కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఆపైన ఒక పన్ను! నెత్తుట్లో పన్నేమిటండీ? మూలమ్మ కొయ్యబారిపోయింది.

"ఇదేం చోద్యమే! నువ్వు గాలి మొయ్యాల్సినదానివి కదే!"

"నువ్వేగా అమ్మా, అంతా చదవమన్నావు?" అంది పిల్ల, పన్ను ఆడించుకుంటూ.

ఇంతలో కిందనుంచి కాలి చిటికెనవేలు కేక పెట్టింది. "మూలమ్మా! నాకు గాలి అందట్లేదు. నీలంగా అయిపోతున్నాను!"

"మోసేవాళ్లు ఒక్కరైనా ఉంటేగా నేను తోసేది! ఇలాగైతే బిడ్డ దక్కదమ్మా," అని గుండె రొప్పింది.

మూలమ్మకి పైప్రాణాలు పైనే పోయాయి. గబగబా చిన్న చిన్న కండెలు చేసి, రెండో పిల్ల నూలంతా వాటికి బిర్రుగా చుట్టేసింది. ఒక్క అక్షరం కూడా కనబడలేదు. ఆ పిల్ల ఉలకదు, పలకదు. ఏం కావాలో తెలియక అలాగే ఉండిపోయింది.

చిటికెనవేలు ఈసారి కేక కూడా పెట్టలేదు. మూలమ్మకి దాంతో ఇంకా భయమేసింది.

మూడో పిల్ల నూలు చూసి చూసి చుట్టింది. గోరు సంగతి చుట్టేసింది. పన్ను సంగతి చుట్టేసింది. గాలి మొయ్యడం గురించి రాసిన చోట మాత్రం వదులుగా వదిలింది. పిల్ల ఆ ఒక్కటే చదివింది. చదువుతుంటేనే ఒళ్లంతా ఎర్రబడింది.

"ఎర్రమ్మా! నా బంగారమా!" అని తల్లి పొంగిపోయింది.

ఎర్రమ్మ ఎముక గడప దగ్గర ఆగింది. "అమ్మా, కడుపునిండా ఈ నూలే ఉంటే గాలికి చోటెక్కడిది?" అంటూ నూలూ కండెలూ మూటకట్టి బయటికి విసిరేసింది!



"అయ్యో అయ్యో, ఎంత పని చేశావే! అది లేకపోతే నీకు పిల్లలు పుట్టరు. ఒళ్లు చిరిగితే అతుకేసుకోలేవు. గట్టిగా నాలుగు నెలలు బతుకుతావా?"

"ఆ వేలికి నాలుగు నిమిషాలు కూడా లేవమ్మా," అని ఎర్రమ్మ నెత్తుట్లోకి దూకేసింది.

కాసేపటికి చిటికెనవేలు గులాబిరంగుకి తిరిగి, కదిలింది. బిడ్డ కేరుమంది. మూలమ్మ ఏడుస్తూనే ఇంకో నూలు అందుకుంది. క్రిములతో పోట్లాడే పిల్లకి పోట్లాట సంగతి వదులు చేసి, తెల్లమ్మని పేరు పెట్టి పంపింది. తన నూలు మాత్రం బిగించుకోలేదు. ఎప్పుడు ఎవరిని కనాల్సి వస్తుందో!

అప్పటినుంచే మన ఒంట్లో నూలు కండెలకి చుట్టి ఉంటోంది. పెద్ద చదువులవాళ్లు దానికి క్రోమాటిన్ అని నోరు తిరగని పేరు పెట్టుకున్నారు. అప్పటినుంచే ఎర్రకణాలు నూలు పారేసి, నాలుగు నెలలు గాలి మోసి వెళ్లిపోతున్నాయి. మూలమ్మ ఎముకలో కూర్చుని ఇంకా కంటూనే ఉంది. ఇన్ని కోట్లమందిని కన్నా, ప్రతి ఎర్రపిల్లా మూట విసిరినప్పుడల్లా ఆవిడ ఉలిక్కిపడుతూనే ఉంది.