రాజుగారి పేరు పెట్టుకున్న చేప

ఏడు వాగులు పారే ఒకానొక రాజ్యాన్ని రణభూషణుడనే రాజు ఏలేవాడు. మనసు మంచిదే గానీ, రోజుకోసారైనా ఎవరో ఒకరు తన పేరు పొగడకపోతే ఆయనకు అన్నం సహించేది కాదు.

ఆయన కొలువులో సర్వేశ్వర దీక్షితులని ఒక పండితుడు. రాజ్యంలోని చేపలన్నిటికీ పేర్లు పెట్టి, జాతులు విడదీసి గ్రంథం రాస్తున్నాడు. వాగు గట్టుకు మాత్రం వెళ్ళడు. బురదంటే గిట్టదు. భటులు నీళ్ళగిన్నెలో తెచ్చి చూపించినవాటినే రాసుకునేవాడు.

ఒకనాడు ఆ గిన్నెలో వేలెడైనా లేని ఎర్రని చేపలు వచ్చాయి.

"ఇంత కాంతి మరే చేపకూ లేదు. రణభూషణ మత్స్యమని నామకరణం చేశాను ప్రభూ," అన్నాడు దీక్షితులు.

రాజు పొంగిపోయాడు. ఆ చేపలెక్కడున్నా పట్టి తెచ్చి కోట కొలనులో వదలమని ఆజ్ఞ వేశాడు.

మర్నాడే జాలరుల పెద్ద నూకాలు, కొలువులో మాటకారి అయిన చిట్టెన ఇంటికి వచ్చింది.

"అయ్యా, అవి కొరమీను పిల్లలు. చిన్నప్పుడు అలాగే ఎర్రగా ఉంటాయి. తల్లి వాటి కిందే కాపలా తిరుగుతుంది. ఎర్రగుంపు కనబడితే మేం వల విసరం, అది మా తాతలనాటి కట్టుబాటు. ఇప్పుడు అన్నీ ఊడ్చుకుపోతే వచ్చే ఏడు మేం ఏం పట్టుకుని బతకాలి?"

"దీక్షితులవారికి చెప్పావా?"

"చెప్పాను బాబూ. వల లాగేవాళ్ళకి శాస్త్రమేం తెలుసన్నారు."

చిట్టెన తిన్నగా కొలువుకు వెళ్ళాడు.

"ప్రభూ, తమ పేరున్న చేపలు కోట నీళ్ళు పడక చచ్చిపోతే ఎంత అప్రదిష్ట. ముందు ఓ పదింటిని రాతితొట్టిలో పెట్టి రెండు నెలలు చూద్దాం. అందాకా పట్టడం ఆపించండి. అవి ఇలాగే ఉంటే దీక్షితులవారి గ్రంథాన్ని ఏనుగు మీద ఊరేగిద్దాం. తేడా వస్తే, పండితులూ జాలరులూ కలిసి ఏడు వాగులూ వెతికి చేపల వివరాలు రాయడానికి పడవలూ, చిత్రకారులూ, మూడేళ్ళ తిండికి సరిపడా గ్రాసమూ తమరు ఇప్పించాలి."

"ఏనుగును సిద్ధం చేయించండి," అన్నాడు దీక్షితులు నవ్వుతూ.

రాజు సరేనన్నాడు. తొట్టి మీద వల బిగించి రాజముద్ర వేశారు. కాపలా, మేత అంతా రాజుగారి సొంత భటులదే. నీచు వాసనని దీక్షితులు అటు తొంగి కూడా చూడలేదు.

రెండు నెలలకు నూకాలుతో సహా సభంతా చూస్తుండగా వల తీశారు. లోపల బెత్తెడేసి నల్లని కొరమీలు తోకలాడిస్తున్నాయి.

"నా చేపల్ని ఎవడు మార్చాడు?" రాజు కళ్ళెర్రజేశాడు.

"ముద్ర తమది, భటులు తమవారు. మార్చేవాడెవడు ప్రభూ?" చిట్టెన చేతులు కట్టుకున్నాడు. "తమ పేరు పెట్టుకున్నాయి గదా. ప్రభువులు మారువేషంలో ఊరు తిరుగుతారని విని, అవీ కొరమీను వేషం కట్టాయేమో. కాదంటే దీక్షితులవారే సెలవివ్వాలి."

దీక్షితులు తొట్టిలోకి వంగి చూశాడు. "అవి కొరమీను పిల్లలని నూకాలు ముందే చెప్పింది ప్రభూ. నేనే వినలేదు," అన్నాడు మెల్లగా.

రాజు కాసేపు మీసం దువ్వుకున్నాడు. తన పేరుగల చేప తనవైపే గుడ్లప్పగించి చూస్తుంటే ఇక ఆపుకోలేక పకపకా నవ్వాడు. ఆజ్ఞ రద్దయింది. చిట్టెన చేతికి బంగారు కడియం పడింది. పడవలూ గ్రాసమూ ఆ రోజే మంజూరయ్యాయి. మొదటి పడవలో నూకాలు పక్కన దీక్షితులు కూర్చోవాలన్నది రాజుగారి షరతు.

"దేవుడు ఏ నీటిలో ఏ రూపం దాచాడో," అన్నాడు రాజు. "నా పేరుకు తగింది ఒక్కటైనా వెతికిపెట్టు నూకాలూ."

"వెతుకుతాను బాబూ," అంది నూకాలు. "మేం ముందే పేరు పెట్టుకున్నదైతే మాత్రం మార్చం."